గారడివాని పేరు



సామాన్యునకు పేరు తలిదండ్రులు పెట్టుదురు. కవికి బిరుదము సభవారిత్తురు. గారడివాడో, తన పేరు తానే కల్పించుకొనవలెను. ఆ పేరు తెర లేవకమున్నే వాని పక్షమున మాటలాడును. చూడబోవునది చేతినేర్పో, దైవశక్తియో జనులు దానినిబట్టియే నిశ్చయించుకొందురు. కావున ఇది వట్టి వినోదవిషయము కాదు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దీనికి ప్రాణములతో ముడివడిన సంగతియు గలదు. దానిని పిమ్మట మనవిచేసెదను.

మన పూర్వులు ఈ విద్యవానిని ఏ పంక్తిలో కూర్చుండబెట్టిరో మొదట చూతము. అమరసింహుడు వానికి మాయాకారుడని, ప్రాతిహారికుడని రెండు పేర్లు చెప్పెను. చెప్పినది మునులలో గాదు, మంత్రవేత్తలలోను గాదు. కుమ్మరి, సాలె మున్నగు చేతిపనివారి పేర్లు చెప్పిన వర్గముననే. చిన్ననాడు అమరము వల్లెవేసిన పెద్దలకు ఇది జ్ఞప్తి యుండును. దండి దశకుమారచరితమున వచ్చు ఐంద్రజాలికుని పేరు విద్యేశ్వరుడు. అతడు మాళవరాజు నెదుట ఇంద్రజాలమను నెపమున రాజవాహనునకును అవంతిసుందరికిని నిజమైన వివాహమునే జరిపించును. 13వ శతాబ్దిలో కేతన ఆ కథను తెనిగించెను. విద్యకు ఈశ్వరుడట! పేరులో డంబము లేకపోలేదు గాని, ఆ గొప్ప విద్యదేయని ఒప్పుకొనుచున్నది.

విదేశములలోని నామకరణములును వినదగినవే. ఫ్రాన్సుదేశమున గడియారముల పని యెరిగిన రాబర్ట్ అను నతడు భార్య యింటిపేరు చేర్చుకొని రాబర్ట్ హూడిన్ అయ్యెను. 1874లో బుడాపెస్టులో పుట్టి అమెరికాలో పెరిగిన ఎరిక్ వైస్ ఆయనయందలి భక్తిచే ఆ పేరు చివర ఇకారము చేర్చి హూడినీ యని పెట్టుకొనెను. ఇకారము చేర్చినచో 'హూడిన్ వంటివాడు' అను అర్థము వచ్చునని అతని నమ్మకము. మన తద్ధితప్రత్యయము వంటిదన్నమాట! 1908లో అతడే ఆ గురుతుల్యుని ఖండించుచు ఒక గ్రంథము వెలువరించెను; పేరు మాత్రము మార్చుకొనలేదు. వంగదేశీయుడైన ప్రతుల్ చంద్ర సర్కార్ (1913–1971) చేసినది ఇంకను సులువు. ఇంగ్లీషులో మాయావిని సోర్సరర్ అందురు. ఆయన ఆ మాటకు దగ్గరగా నుండునట్లు తన యింటిపేరు ఇంగ్లీషు వ్రాతలో రెండక్షరములు మార్చెను. చెవికి ఇంటిపేరే, కంటికి బిరుదము.

ఇక మన యింటి సంగతి. సిరిసిల్ల మొదలు కోరుట్లవరకు మగ్గముల చప్పుడెరిగిన ఊళ్లే గదా. పద్మశాలీల నాశ్రయించి ఇంద్రజాలము చూపి జీవించు కులమువారికి సాధనాశూరులని పేరు. బ్రాహ్మణుల నాశ్రయించి అట్టి విద్యయే చూపువారు విప్రవినోదులు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. విప్రవినోది యను మాట ఎవరి యెదుట ఆడుదునో చెప్పును. సాధనాశూరుడను మాట ఎట్లు నేర్చితినో చెప్పును. సాధన యనగా అభ్యాసము, అందు శూరుడు. దేవత దిగివచ్చెనని గాని, క్షుద్రశక్తి వశమయ్యెనని గాని అందు లేదు. ఇంతకంటె నిజాయితీగల పేరు ఏ ప్రకటనలోను నేను చదువలేదు.

నాయొద్ద చదివిన యువకుడొకడు బడులలో ప్రదర్శనములిచ్చుటకు పూనుకొని పేరు కొరకు వచ్చెను. "మంత్రసిద్ధ అని పెట్టుకుంటే ఎట్లుంటది సార్?" అని అడిగెను. వలదంటిని. "జనం భయపడితేనే గద సార్, పైసలొచ్చేది" అనెను.

భయమే నేను వలదన్నది. బాణామతి, చేతబడి యను అనుమానములు మన పల్లెలను విడిచిపోలేదు. 2022 జనవరిలో జగిత్యాలలోనే మంత్రములు చేయుచున్నారను అనుమానమున ఒక తండ్రిని, అతని కుమారులిద్దరిని చంపిరి. వారు గారడివారు కారు. వారిని చంపినది ఆ మాటపై జనులకున్న నమ్మకము. రాత్రి ఆటలో మంత్రసిద్ధుడు నిప్పు మ్రింగగా చప్పట్లు కొట్టిన ఊరికి, మరునాడొక పసికందు జబ్బుపడినచో, ఆ మాటయే జ్ఞప్తికి వచ్చును. ఆటగాడు పెట్టె సర్దుకొని పోవును. చూడరాని చూపున చూడబడుటకు ఆ యూరి ఒంటరి ముసలమ్మ మిగులును.

చావడివద్ద ఆటకు అనుమతి కోరి వచ్చువాని పేరు మొదట వినువారు పెద్దలైన మీరే. అందు స్వామి, సిద్ధ, మాంత్రిక శబ్దములున్నచో, "నాయనా, ఇది చేతివిద్యయని ఆటకు ముందు చెప్పెదవా?" అని అడుగుడు. ప్రొఫెసరని తగిలించుకొన్నవాని జోలికి పోవలదు. అది హానిలేని డంబము. అసలు బిరుదమే అక్కరలేదనువారికి 2025లో గతించిన బి.వి. పట్టాభిరామ్ చాలిన నిదర్శనము. ఆయన సొంతపేరుతోనే ఇంద్రజాలికుడుగా తెలుగునాట ప్రసిద్ధుడయ్యెను.

మా యువకుడు సాధనాశూరుడని పెట్టుకొందునా యనెను. అది ఒక కులమువారి పరంపరాగతమైన సొత్తు, అడుగక తీసికొనరాదంటిని. తుదకు తన పేరునకు ముందు 'సాధన' అని మాత్రము చేర్చుకొని, ప్రకటనలో 'చేతినేర్పు ప్రదర్శనము' అని అచ్చువేయించెను. రాబడి తగ్గినదా యని మొన్న అడిగితిని. "పెద్దోళ్లు తక్కువైన్రు సార్, పిల్లలు ఎక్కువైన్రు. ఎట్ల చేసినవని అడుగుతున్నరు" అనెను.