ఓడెక్కే ముందు రోజు

సాయంత్రం ఏడు దాటిందంటే మియాపూర్ ఆల్విన్ చౌరస్తాలో ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటుండదు. సూట్‌కేసులు, అట్టపెట్టెలు, తల్లి భుజం మీద కునికే పిల్లలు, "బస్సు ఎక్కడిదాకా వచ్చిందన్నా?" అని ఫోన్లలో కేకలు. కోస్తా వైపు వెళ్లే ప్రైవేటు బస్సులు జనాన్ని ఎక్కించుకునే చోటు ఇది. పండక్కి ఊరెళ్లేవాళ్లు, పెళ్లికి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లే. విశాఖ వెళ్లి అక్కడ ఓడెక్కేవాళ్లు మాత్రం ఈమధ్యే మొదలయ్యారు.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ల లెక్క ఎలా ఉంటుందంటే: రాత్రి బస్సు, పొద్దున విశాఖ, మధ్యాహ్నం ఓడ. ఒక లీవు మిగిలింది. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ దారి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. విజయవాడ దగ్గర ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుంటే చాలు, లెక్క తారుమారు. ఓడ కదిలేది సాయంత్రమైనా చెకిన్ అంతకు చాలా ముందే ముగిస్తారు. బస్సు తప్పితే వెనకాల ఇంకోటి వస్తుంది. ఓడకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే ముందు రోజే చేరమంటారు, అది తెలివైన సలహానే. నేను మాత్రం వేరే కారణంతో చెబుతాను. ఏ రేవులో ఓడెక్కుతున్నామో ఆ రేవును ఒక్కసారైనా తీరిగ్గా చూడకపోతే, ఎక్కింది ఓడైనా హోటలైనా ఒకటే. ఆ రోజంతా ఆర్కే బీచ్‌లో సెల్ఫీలకు పోస్తే మరీ దండగ.

విశాఖకు విహార నౌకలు రోజూ వచ్చేవి కావు. 2022 జూన్‌లో 'కార్డీలియా' సంస్థ వారి 'ఎంప్రెస్' ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు బయల్దేరింది. 1990లో కట్టిన ఓడ, పదకొండు అంతస్తులు. పుదుచ్చేరి ప్రభుత్వం రానివ్వకపోవడంతో అప్పట్లో గొడవయింది. 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, 2025లో ఆ ఓడ మళ్లీ వచ్చింది. తేదీలు చూసుకునే బుక్ చేసుకోవాలి.

వెళ్లడానికి నా ఓటు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు. 1974 నుంచి నడుస్తున్న బండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగితే స్టేషన్ ఎదురుగానే ఉంటుంది, రైలు మారక్కర్లేదు. సాయంత్రం కదిలిన బండి తెల్లారగట్ల విశాఖ చేరుస్తుంది. ఆ వేళ ఊళ్లో నిజంగా మేలుకుని ఉండేది ఫిషింగ్ హార్బర్ ఒక్కటే.

సామాను గదిలో పడేసి నేరుగా అక్కడికే వెళ్లండి. చీకటి విడవకముందే వేలంపాట మొదలవుతుంది. వంజరాలు, చందువాలు, గంపల్లో రొయ్యలు, ఐసు చప్పుడు. పాటలో గొంతులు ఎక్కువగా ఆడవాళ్లవే. ధర తెగ్గానే గంప నెత్తికెత్తుకుని ఆటో వైపు నడిచేదీ వాళ్లే. తెల్ల చెప్పులు వేసుకుని వెళ్లకండి. ఫోన్ తీసేముందు కాస్త అడగండి, అక్కడ అందరూ పనిలో ఉంటారు. 2023 నవంబరు 19 రాత్రి ఈ రేవులోనే మంటలు లేచి పడవలు పదుల సంఖ్యలో కాలిపోయాయి. ఒక్కో మరపడవ మీద ఎన్ని కుటుంబాలు బతుకుతాయో ఆ వేలంపాట చూస్తే అర్థమవుతుంది. ఒక మెలిక ఉంది: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఎంప్రెస్ మొదటిసారి వచ్చిన జూన్ ఎనిమిదిన ఈ పడవలన్నీ కట్టుకొయ్యలకే ఉన్నాయి. వేట లేనివాళ్ల రేవులోకి విహారం వచ్చిందన్నమాట.

అక్కడి నుంచి వన్‌టౌన్. విశాఖ అంటే బీచ్ రోడ్డు అనుకునేవాళ్లు ఇటు రారు. సన్నటి వీధులు, పాతపోస్టాఫీసు, బురుజుపేటలో కప్పులేని గుళ్లో కనకమహాలక్ష్మి. రేవు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు కొండలు: రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, దర్గా కొండ మీద ఇషాక్ మదీనా బాబా, ఇంకో కొండ మీద వెంకన్న. పూర్వం ఓడలు రేవు దాటేటప్పుడు జెండాను మూడుసార్లు దించి ఎత్తి బాబాకు సలాం చేసేవని చెబుతారు. రాస్ హిల్ మెట్లు ఎక్కి చూడండి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని కిందుగా ఇరుకైన కాలువ, అందులోంచి లోపలికి దూరుతున్న సరుకు ఓడ. ఆ కాలువలో ఓడ మలుపు తిరగడం చూస్తే పైలట్ ఉద్యోగం మీద గౌరవం పుడుతుంది.

ఈ రేవు దానంతటదే వచ్చింది కాదు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పూనుకుంది. చిత్తడి నేలల్ని తవ్వింది, ఇసుక పూడిక ఆపడానికి రెండు పాత ఓడల్ని ముఖద్వారం దగ్గర కావాలనే ముంచేసి అడ్డుకట్టగా నిలిపింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' లోపలికొచ్చింది. అది సింధియా కంపెనీ ఓడ. ఆ కంపెనీయే ఇక్కడ ఓడల కర్మాగారం పెట్టింది, 1948 మార్చి 14న అక్కడ కట్టిన 'జల ఉష'ను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. ఆ కర్మాగారమే ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డు. రేవు తెచ్చిన సంపదతోపాటు వన్‌టౌన్ ఇళ్ల కిటికీల మీదకు బొగ్గు, ఖనిజాల దుమ్ము కూడా వచ్చింది. కొండ దిగేటప్పుడు ఏ మేడ గోడ మీదైనా వేలు పెట్టి రాసి చూడండి.

మధ్యాహ్నం ఎండ వేళ కాసేపు నిద్రపోయినా తప్పులేదు. సాయంత్రం బీచ్‌కు వెళ్తే కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఒక్కటి చాలు. సోవియట్ తయారీ, 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టని లోపలి బంకులు చూశాక, మర్నాడు క్రూజ్ క్యాబిన్ చిన్నదిగా ఉందని ఎవరూ గొణగరు. బయటికొచ్చి మూరీ మిక్చర్ తినండి, నిమ్మకాయ ఎక్కువ పిండమని చెప్పి.

రేవు కట్టకముందు కూడా ఇక్కడ జనం ఓడెక్కేవాళ్లు. ఓడ దూరంగా లంగరు వేసేది. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో అలల మీదుగా దాన్ని చేరుకునేవాళ్లు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు రంగూన్‌కు వెళ్లింది ఈ తీరం నుంచే. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో వాళ్లు మూటలు మోశారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి చాలామంది తిరుగుదారి పట్టారు. ఆ ఏప్రిల్ 6న బాంబులు విశాఖ మీదా పడ్డాయి.

ఆ బాపతు ప్రయాణం ఆ తర్వాతా పూర్తిగా ఆగిపోలేదు. అండమాన్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వాళ్లను చేరవేసిన ప్రయాణికుల ఓడకు పట్టేది సుమారు 56 గంటలు. బంకు టికెట్లు, కట్టిన మూటలు, వెంట తెచ్చుకున్న పచ్చడి సీసాలు. అలా ఆ దారిలో వెళ్లొచ్చినవాళ్లు ఊళ్లో ఎక్కడైనా తగిలితే టీ తాగుతూ మాట కలపండి. మీది రెండు రాత్రుల టికెట్టే కావచ్చు. సముద్రం మీద కడుపులో తిప్పితే ఏం తినాలో, ఏ పక్కకు పడుకోవాలో ట్రావెల్ ఏజెంటు కంటే వాళ్లే బాగా చెబుతారు.