కాలింగ్ బెల్లుది కాదు తప్పు!

శ్రావణమాసంలో ఓ గురువారం. వంటా, గిన్నెలూ ముగించుకుని పదకొండింటికి ప్యాడూ పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు లేస్తానో లెక్క రాద్దామని పాత క్యాలెండరు కాగితం ఒకటి పక్కన పెట్టుకున్నాను. గ్యాసబ్బాయి వచ్చాడు. పక్కింటి వదినగారు పెరుగు తోడుకని చిన్న గిన్నె పట్టుకొచ్చారు. ఆకుకూరలామె, కొరియరబ్బాయి, మావారి ఫోను, ఎవరో లోనిస్తామంటూ ఫోను, మధ్యలో నీళ్ళ మోటారు ఆపడానికి ఒకసారి. రెండింటికి కూడి చూస్తే అన్నీ కలిపి ముప్ఫై నిమిషాలు కూడా లేవు!

మరి మూడు గంటల్లో నేను రాసింది? నాలుగు వాక్యాలు. అందులో రెండు కొట్టేశాను.

మిగతా రెండున్నర గంటలూ ఏమయ్యాయా అని నన్ను నేనే నిలదీసుకుంటే అప్పుడు తెలిసింది. అంతకుముందు శుక్రవారం పేరంటంలో మా బంధువు ఒకావిడ వాయనం శనగలు సంచిలో పోసుకుంటూ, "కథలు రాస్తున్నావటగా! ఇంట్లో చేసిపెట్టేవాళ్ళుంటే మేమూ రాద్దుం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మొదలైంది. ఆవిడకి చెప్పాల్సిన జవాబులన్నీ ఒక్కొక్కటే తట్టడం! బియ్యం కడుగుతుంటే ఒకటి, బట్టలు ఆరేస్తుంటే దానికంటే పదునైంది ఇంకొకటి. ఆవిడ ఆ మాట ఆ సాయంత్రమే మర్చిపోయి ఉంటారు. గ్యాసబ్బాయి నా దగ్గర తీసుకున్నది రెండు నిమిషాలు. ఆవిడకి నా అంతట నేను సమర్పించుకున్నది ఆరు రోజులు.

సెల్‌ఫోను వచ్చాక ఈ జబ్బు మరీ ముదిరింది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏదో అంటారు. మన పేరుండదు, మనల్నే అన్నట్టుంటుంది. ఓ జవాబు టైపు చేసి, చెరిపి, మళ్ళీ చేసి... ఈలోగా పోపు మాడి ఊరుకుంటుంది.

ఇదంతా మామూలేలే అని నేనూ వదిలేద్దును. కానీ నేను రాయాల్సిన కథ ఆగేది కాదు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వైపు పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన వరద అది. కోనసీమ లంకలో మా ఇల్లు మునిగేనాటికి అమ్మకి ఆరో నెల. కడుపులో ఉన్నది నేనే. ఆ రాత్రి సంగతి అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! "రాస్తానన్నావు, రాశావా?" అని అడుగుతూనే ఉంటుంది. ఈమధ్య అమ్మకి మరుపు వస్తోంది. కిందటి కార్తీకంలో చెప్పిన పడవవాడి పేరు మాఘమాసానికి లేదు. నేనేమో పేరంటంలో మాటకి జవాబులు వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే పిల్లలకి చూపిద్దామని ఇక్కడ రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి ఇంటికి వెళ్ళాం. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరు ఆ దంపతుల్ని ఎంత వెలివేసిందో చిన్నప్పుడే చదువుకున్నాం కదా. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. పంతులుగారికి జవాబులు రాయడానికి 1874లోనే పెట్టుకున్న 'వివేకవర్ధని' ఉంది. ఆయన మాటకి మాట ఊరుకునే మనిషి కూడా కాదు. ఆయన జవాబులు రాశారు. రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసుకుని గోదావరికి వెళ్ళారు. నీళ్ళు తెచ్చి, వంట చేసి పెట్టారు. నాలుగు రోజులకే రెండో పెళ్ళి! రేవు దారిలో ఆవిడ ఎన్ని మాటలు విని ఉంటారో కదా అనిపించింది నాకు. ఒక్కో మాటకీ బిందె దించి సమాధానం చెబుతూ నిలబడితే పెళ్ళివారి ఎసట్లోకి నీళ్ళెక్కడివి?

ఇంటికొచ్చి, "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ నేను తలుపు తియ్యను అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ చూసిన చూపు చెప్పొద్దూ! "డొక్కా సీతమ్మగారు పుట్టిన సీమ ఇది. వచ్చినవాళ్ళకి తలుపు తియ్యనంటావేవిటమ్మాయ్?" అన్నారు.

నిజమే, లంకల గన్నవరంలో ఆ తల్లి వేళా పాళా చూడకుండా అందరికీ అన్నం పెట్టింది. 1909లో ఆవిడ పోయినా పేరు పోలేదు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. అయితే, ఆకలిగా వచ్చినవాళ్ళకి పెట్టడమే ఆవిడ తనకోసం ఎంచుకున్న పని. తలుపు తట్టిన చప్పుడు ఆవిడ పనికి అడ్డం కాదు, అదే పని. ఇదే అత్తయ్యగారితో అన్నాను. ఒప్పుకోలేదు. కానీ మర్నాటి నుంచి మధ్యాహ్నం బెల్లు మోగితే ఆవిడే లేచి వెళుతున్నారు.

మగవాళ్ళకి ఈ బాధ తక్కువ లెండి. ఆఫీసన్న ఒక్క మాటతో సగం ప్రపంచం పక్కకి తప్పుకుంటుంది. మనం ఇంట్లో కూర్చుని రాసుకుంటుంటే 'ఖాళీగా ఉంది' అంటారు.

ఫోను బియ్యం డబ్బాలో పెట్టడం మొదలెట్టాను. అది నా తెలివితక్కువతనమే. ఓ రోజు మావాడు కాలేజీ నుంచి వస్తూ స్కూటీ మీంచి పడి ఆరుసార్లు చేశాడట. మోకాలు చెక్కుకుపోయిందంతే, దేవుడి దయ. ఇప్పుడు ఫోను బయటే ఉంటుంది. వాడిదీ మావారిదీ మాత్రం వేరే మోత. మిగతావి నాలుగింటి తర్వాతే. ఇక మనసులో మెదిలే జవాబులున్నాయి చూశారూ, వాటికో నోటుపుస్తకం పెట్టాను. ఎవరేమన్నారో ఒక్క ముక్క రాసి, రాత్రి పదింటికి చూద్దామనుకుంటాను. పదింటికి చూస్తే సగానికి ఆవులింతే వస్తోంది. మిగతా సగానికి కోపం అలాగే ఉంటోంది, దాచడమెందుకు!

పోయిన ఆదివారం పదిహేడు పేజీలూ పట్టుకెళ్ళి అమ్మకి చదివి వినిపించాను. నాలుగో పేజీ దగ్గర ఆపేసింది.

"ఆవుని విప్పింది నేను కాదే. మీ నాయనమ్మ. ముడి రాకపోతే కొడవలితో పలుపు కోసేసింది" అంది.

ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు! గబగబా ప్యాడు తీశాను. సంచిలో ఫోను మోగుతోంది. మావారిదీ, అబ్బాయిదీ కాదు.

"ఎవరో చూడవే" అంది అమ్మ.

"తర్వాత చూస్తాలే. కోసేశాక ఆవు ఎటు వెళ్ళింది?" అన్నాను.