లాభమూ, దాని వెంట వచ్చే బాధ్యతా

వ్యాపారంలో లాభం కోరుకోవడం తప్పు కాదు. అయితే ఆ లాభాన్ని లెక్కగట్టేటప్పుడు ఏయే ఖర్చులను చేర్చాలన్నదే అసలు ప్రశ్న. నీటికి, నేలకు, ఇరుగుపొరుగువారి జీవనాధారానికి కలిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోని వ్యాపారం కొంతకాలం ఎంతో లాభసాటిగానే కనిపిస్తుంది. కాని ఆ నష్టం ఎక్కడికీ పోదు. ఏదో ఒకనాడు వ్యాపారి గుమ్మం ముందుకే వచ్చి నిలుస్తుంది. ఈ విషయాన్ని గ్రహించడానికి మనం దూరదేశాలకు పోనవసరం లేదు. నెల్లూరు తీరాన్ని చూస్తే చాలు.

తోటపల్లి గూడూరు మండలానికి తూర్పున బంగాళాఖాతం ఉన్నది. లోపలి వైపు పెన్నా నీటితో పండే వరి మాగాణి, తీరం వైపు రొయ్యల చెరువులు. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో టైగర్ రొయ్యల సాగు అతివేగంగా విస్తరించింది. రైతులతోపాటు పెద్ద కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. ఉప్పుటేళ్ళ నుండి నీరు తోడుకోవడం, మిగిలిపోయిన మేతతోనూ రొయ్యల విసర్జనతోనూ చెడిన నీటిని తిరిగి అక్కడికే వదలడం ఆనాటి పద్ధతి. అంటే ఒకరు వదిలిన మురుగే మరొకరి చెరువుకు నీరు! 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చినప్పుడు ఈ పద్ధతి ఫలితం అందరికీ తెలిసివచ్చింది. వైరస్ నీటి వెంట, పీతల వెంట ఒక చెరువు నుండి మరొక చెరువుకు పాకింది. జాగ్రత్తపరుడు, అజాగ్రత్తపరుడు అన్న భేదం లేకుండా అందరూ నష్టపోయారు.

చెరువుల ఉప్పు పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి దిగడం మరొక సమస్య. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు చెప్పింది. ఈ సాగు వల్ల వచ్చే ఆదాయం కన్నా సమాజానికీ ప్రకృతికీ జరిగే నష్టమే ఎక్కువని నిపుణుల నివేదిక ఆధారంగా పేర్కొన్నది. కాలుష్యం కలిగించినవారే దాని మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ చెరువులు తప్ప మిగిలినవాటిని తొలగించాలని ఆదేశించింది. అనంతరం 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చేసి, ఈ సాగుకు రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది.

ఈ సూత్రం మన పాఠకులకు కొత్త కాదు. లాభం అనుభవించేవాడే నష్టభారాన్ని కూడా మోయాలన్నది ఇస్లామీయ ధర్మశాస్త్రంలో సుప్రసిద్ధమైన నియమం. 1876 నాటికి పూర్తయిన ఉస్మానియా పౌరస్మృతి ‘మజల్లా’లోనూ దానికి చోటు లభించింది. అలాగే ఇతరులకు హాని కలిగించరాదన్నది మరొక నియమం. వీటి దృష్టిలో పొరుగువాని బావిని ఉప్పుపాలు చేసి గడించిన సొమ్ములో కొంత దానధర్మాలకు వెచ్చించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. దానం వేరు, నష్టపరిహారం వేరు.

మరి ప్రకృతి రక్షణను వ్యాపార ప్రణాళికలోనే భాగం చేయడమంటే ఏమిటి? లాభం వచ్చిన తర్వాత మొక్కలు నాటించి ఫోటోలు తీయించుకోవడం కాదు. పెట్టుబడి పెట్టకముందే కొన్ని నిర్ణయాలు తీసుకోవడం. ఉదాహరణకు, ఉన్న భూమినంతా చెరువులుగా తవ్వకుండా కొంత భాగాన్ని మురుగు నీరు తేరుకోవడానికి విడిచిపెట్టాలి. పరీక్ష చేయించిన పిల్లనే వదలాలి. 2009లో వెనామీ రొయ్యకు అనుమతినిచ్చినప్పుడు ప్రభుత్వం చదరపు మీటరుకు 60 పిల్లలకు మించరాదని హద్దు విధించింది. ఆశకొద్దీ ఆ హద్దు దాటితే మేత, మురుగు, రోగభయం మూడూ పెరుగుతాయి. నిషేధించిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు బయటపడితే విదేశీ కొనుగోలుదారులు సరకునే తిప్పిపంపుతారు.

అయితే నీరు ఉమ్మడిది గనుక ఒక్కరి జాగ్రత్త చాలదు. ఒకే ఏటి నీరు వాడేవారంతా కలిసి పిల్ల వదిలే సమయాన్ని, నీరు విడిచే సమయాన్ని నిర్ణయించుకోవాలి. చిన్న రైతులను ఇలా సంఘాలుగా కూర్చేందుకే 2007లో ‘నాక్సా’ అనే జాతీయ కేంద్రం ఏర్పడింది.

ఇక్కడొక న్యాయమైన ప్రశ్న ఉన్నది. ఈ జాగ్రత్తల ఖర్చు ఎవరు భరించాలి? మేత అమ్మే కంపెనీకి అమ్మకంపై లాభం, ఎగుమతిదారునికి సరకుపై లాభం. పంట పోతే అప్పు మాత్రం రైతు నెత్తిన! నియమాలు పాటించిన రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వకుండా శుభ్రమైన సరకు కావాలని కోరే కంపెనీ ప్రణాళిక కాగితం మీదనే ఉంటుంది. లాభంలో పాలు పంచుకొనే ప్రతివారూ ఖర్చులోనూ పాలు పంచుకొన్నప్పుడే అది నిజమైన ప్రణాళిక అవుతుంది. చెరువు గట్టుకు అవతల వరి పండించే రైతు, అక్కడి బావి నీరు తాగే కుటుంబం ఈ లాభంలో భాగస్వాములు కారు. కనుక ఆ నష్టంలోనూ వారిని భాగస్వాములను చేయరాదు.