సెలవు - సఫరు

తెలుగున ‘సెలవు’ అను మాటకు నిఘంటువులు పలు అర్థములు చెప్పుచున్నవి. ఆజ్ఞ, అనుమతి, వీడ్కోలు, పనికి విరామము - ఇవి అందరెరిగినవే. వ్యయము అనునది మరియొక అర్థము. ఇంత ధనము సెలవైనదని పెద్దలు లెక్కలలో వ్రాసెడివారు. ఉర్దూలోని ‘రుఖ్సత్’ కూడ ఇంచుమించు ఇట్టి మాటయే. కొలువునుండి పొందు అనుమతి రుఖ్సత్, అతిథికి చెప్పు వీడ్కోలును రుఖ్సతే. రెండు భాషలవారును విరామమును ఒకరు దయతో ఇచ్చు అనుమతిగానే తలచిరి. అది పనిచేయువాని హక్కు అను భావము ఈ మాటలు పుట్టిన చాల కాలమునకు గాని రాలేదు. దేశాటనమునకు తీరిక లేదని చెప్పుకొనువారి సంగతి విచారించునపుడు ఈ భేదమును మనసున నుంచుకొనవలెను.

మన విద్యార్థులలో పెక్కుమంది నేడో రేపో ఉద్యోగములలో చేరువారే. చేరిన మూడేండ్లకు వారిని పలుకరించినచో, ఊళ్ళు చూచుటకు తీరిక యెక్కడిది, అంతయు రిటైరైన పిమ్మట చూచుకొందమని అందురు. ఆ ఆలోచన ఎంతవరకు నమ్మదగినదో ఇద్దరు యాత్రికుల చరిత్రవలన చూతము. వారిలో ఒకరు తెలుగున వ్రాసిరి, మరియొకరు ఉర్దూలో వ్రాసిరి. ఇద్దరును కొలువు చేసినవారే. ఇద్దరును సెలవు పుచ్చుకొని వెళ్ళినవారే.

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనగా దుబాసి. పెద్ద బాధ్యతగల ఉద్యోగము. అట్టి ఉద్యోగములో నుండగనే, ఏబది యేండ్ల ప్రాయమున, 1830 మే 18వ తేదీన ఆయన కాశీయాత్రకు బయలుదేరిరి. తిరుపతి, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. పల్లకీలు, బోయీలు, నూరుమంది పరివారము - ఇది సామాన్య గుమాస్తాకు సాధ్యమగు యాత్ర కాదని ఒప్పుకొనక తప్పదు. కాని మేము చెప్పదలచినది వారి పల్లకీనిగూర్చి కాదు. దారిలోని అంగళ్ళు, ధరవరలు, నదులు దాటించు పడవలు, బాటల మంచిచెడ్డలు, ఊరూరి ఆచారములు అన్నియు ఆయన వ్రాసి, మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. ఆ పిళ్ళగారే దానిని 1838లో అచ్చువేయించిరి. అప్పటికి గ్రంథకర్త లేరు, 1836లోనే కన్నుమూసిరి. బాధ్యతలన్నియు తీరిన పిమ్మట పోదమని ఆయన ఆగియుండినచో మనకు కాశీయాత్ర చరిత్ర యుండెడిది కాదు.

రెండవవాడు యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. ఈయన హైదరాబాదువాడు. 1828లో ఊరు విడిచి, పలుచోట్ల తిరిగి లక్నో చేరి, అవధ్ పాదుషా నసీరుద్దీన్ హైదర్ సైన్యములో కొలువు సంపాదించెను. అక్కడ ఇంగ్లీషు నేర్చుకొనెను. ఆ భాషలోని పుస్తకములు చదువగా చదువగా ఆ దేశమును చూడవలెనను కోరిక బలపడినది. రెండేండ్ల రుఖ్సత్ అడిగి పుచ్చుకొని, కలకత్తాలో ఓడనెక్కి, 1837లో లండను చేరెను. తిరిగివచ్చి వ్రాసిన పుస్తకము 1847లో ఢిల్లీలో అచ్చయినది. ఉర్దూలోని తొలి సఫర్‌నామాగా దానిని లెక్కించుచున్నారు. అతడు జాగీర్దారు కాడు, కొలువు చేసుకొను సిపాయి. మన నగరమున పుట్టినవాడు మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

ఈ ఇద్దరికిని సెలవు దొరకినది యజమానుల అనుగ్రహము వలననే. అనుగ్రహము లేనివారి గతి యేమి? బొంబాయి నూలుమిల్లులలో ఆదివారమైనను విరామము లేక కూలీలు పనిచేయుచుండగా, నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున సాగిన ఆందోళన ఫలితముగ 1890 జూన్ 10న మిల్లుయజమానులు వారపు సెలవునకు సమ్మతించిరి. 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థ పరిశ్రమలలో వారమునకు 48 గంటల పరిమితిని పెట్టినది. 1936లో ఫ్రాన్సుదేశము కార్మికులకు జీతముతో కూడిన రెండు వారముల సెలవు నిచ్చినది. వేలకొలది కుటుంబములు మొదటిసారి సముద్రము చూచినది ఆ వేసవిలోనే. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణము, మన రాజ్యాంగములో 43వ అధికరణము పనివానికి విశ్రాంతిని, తీరికను పేర్కొనినవి.

మన చట్టములలో ఇది ఎట్లు అమరినదో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. చేరునాడు ఇచ్చు కాగితములలో ఇవి చిన్న అక్షరములలో నుండును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రకారము ఏడాదిలో 240 దినములు పనిచేసినవానికి ప్రతి 20 దినముల పనికి ఒక దినము చొప్పున జీతముతో సెలవు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడ్ ఆ 240ని 180గా తగ్గించినది. దుకాణములు, సంస్థలనుగూర్చిన 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము 240 దినములు పనిచేసిన ఉద్యోగికి 15 దినముల వేతనపు సెలవు చెప్పినది. కేంద్రప్రభుత్వోద్యోగికి ఏడాదికి 30 దినముల ఆర్జిత సెలవు, పైగా ఎల్.టి.సి. పేరిట నాలుగేండ్లకొకసారి కుటుంబముతో దేశమున ఎచ్చటికైనను పోయివచ్చుటకు ప్రయాణవ్యయము కూడ లభించును.

ఇంత యున్నను జరుగుచున్నదేమి? ఆర్జిత సెలవును 300 దినములవరకు కూడబెట్టి, విరమణనాడు సొమ్ముగా మార్చుకొనుట ఒక ఘనకార్యముగా చెప్పుకొనుచున్నారు. బిడ్డల పెండ్లికో, ఇంటి అప్పుకో ఆ సొమ్ము ఆదుకొనుట నిజమే. దానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని 300 దినములనగా పది నెలలు. దానిలో నాలుగవ వంతు, అనగా రెండున్నర నెలలు, కాళ్ళలో సత్తువయుండగా వాడుకొన్నచో తక్కిన సొమ్ము ఎచ్చటికిని పోదు. సెలవు అను మాటకు వ్యయమను అర్థము కూడ కలదని పైన చెప్పితిమి. మనవారు దానిని నిలువ అని చదువుకొనుచున్నారు.

ప్రయివేటు కొలువులలోనివారికి ఈ నిలువ కూడ లేదు. యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరైన నారాయణమూర్తిగారు 2023లో చెప్పగా దేశమంతట చర్చ జరిగినది. దేశాభివృద్ధికి శ్రమ కావలెననుటలో వివాదము లేదు. కాని 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ కార్మికసంస్థ కలిసి ప్రకటించిన అంచనాలను కూడ చూడవలెను. వారమునకు 35-40 గంటలు పనిచేయువారికంటె 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి పక్షవాతము వచ్చు అపాయము 35 శాతము, గుండెజబ్బుతో మరణించు అపాయము 17 శాతము అధికమని అందు తేలినది. అట్లు పనిచేసి కూడబెట్టినది ఆస్పత్రి పాలగుట మనము చూడని సంగతి కాదు.

మరియొక సంగతి మన ఇండ్లలోనిది. పురుషునికి ఆదివారము సెలవైనచో, ఆ యింటి ఇల్లాలికి ఆనాడు వంట ఎక్కువ. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు ఆ పనిలో గడపుచున్నట్లు, పురుషులు 97 నిమిషములు మాత్రమే గడపుచున్నట్లు తేలినది. ఆమె బయట ఉద్యోగము చేయుచున్నను ఈ లెక్క అంతగా మారదు. కావున యాత్రకు చోటు కల్పించుట యనగా మొదట వంటయింటి పనిని పంచుకొనుట. అట్లు చేయక కుటుంబమును ఊటీకి తీసికొనిపోయి, అక్కడ కూడ స్టవ్వు వెలిగింపజేసి, టీలు పెట్టించుకొను పెద్దమనుషులు కలరు! దానిని ప్రయాణమనవచ్చునేమో గాని ఆమెకది సెలవు కాదు. మన విద్యార్థినులు పెండ్లిమాటలనాడే ఈ ప్రశ్న అడుగగలిగినచో మేము సంతోషింతుము.

ఇక చేయదగినది. మన సంసారములలో సెలవులన్నియు పెండ్లిండ్లకును, పండుగలకును, జబ్బులకును పోవుననుట వాస్తవము. కాని పెండ్లికి పోవుటయు ప్రయాణమే. వలీమా విందు కాగానే రైలెక్కక, మరియొక దినము నిలిచి ఆ ఊరి కోటయో, చెరువో, గ్రంథాలయమో చూచి రావచ్చును. వీరాస్వామయ్యగారును పుణ్యమునకని బయలుదేరియే లోకమును చూచిరి. దూరప్రయాణమైనచో, రైలు టిక్కెట్లు 2024 నవంబరునుండి 60 దినముల ముందుగా మాత్రమే ఇచ్చుచున్నారు. పై అధికారికి సెలవు అర్జీ అంతకు ముందే చేరవలెను. ఏడాది మొదట కాలెండరు ముందుంచుకొని ఐదారు దినములకు గుర్తు పెట్టుకొన్నవారికే అవి దక్కును. మిగిలినపుడు చూతమను వారికి ఏడాది చివర ఏమియు మిగులదు.

కళాశాల కార్యవర్గము పెద్దలకు ఒక మనవి. విజ్ఞానయాత్రను పరీక్షల తొందరలో మొదట కొట్టివేయు అంశముగా గాక, ఏడాది ఆరంభముననే టైంటేబులులో చేర్చవలెను. చందా కట్టలేని విద్యార్థి వెనుకబడకుండ కొంత మొత్తము కేటాయింపవలెను. ఇరువదియేండ్లలోపు ఒక్క ఊరైనను చూడనివానికి నలువదవ యేట సెలవు దొరకినను ఎటుపోవలెనో తోచదు.

మొదటి యాత్రకు బీదరు చాలును. హైదరాబాదునుండి సుమారు 140 కిలోమీటర్లు. బస్సులును రైళ్ళును కలవు. ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతమునుండి వర్తకుడుగా వచ్చి బహమనీల మంత్రియైన మహమూద్ గవాన్ 1472లో అక్కడ కట్టించిన మదరసా గోడలపై నీలి పలకలు నేటికిని కొన్ని మిగిలియున్నవి. ఆదివారము తెల్లవారుజామున బయలుదేరినచో మదరసాయు, కోటయు చూచుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చును. సోమవారము సెలవు పెట్టవలసిన పనియు లేదు.