విమాన ప్రయాణంలో కాళ్ల సంగతి

అమ్మాయి పురిటికో, అబ్బాయి గృహప్రవేశానికో అమెరికా వెళ్లే పెద్దవాళ్లు ఏలూరు, తాడేపల్లిగూడెంలలోనే కాదు, కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి గ్రామాల్లోనూ ఉన్నారు. ప్రయాణం ఎంతసేపని అడిగితే టిక్కెట్టు మీది గంటలు చెబుతారు. మీ కాళ్లకు ఆ లెక్క చాలదు.

డల్లాస్ వెళ్తున్నారనుకోండి. హైదరాబాదు నుంచి సూటిగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయి మీదుగా అయితే ముందు 2,550, తర్వాత సుమారు 12,900. గాలిలో గడిచేది మొదటి విడత 4 గంటలు, రెండో విడత 16 గంటలు. దానికి ముందు ఏలూరు నుంచి శంషాబాదుకు కారులో ఆరేడు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు, దుబాయిలో మరికొంత పడిగాపు. గుమ్మం దాటింది మొదలు 30 గంటల పైమాటే! గూడెంలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో రన్‌వే వేశారు గాని, మనం విమానమెక్కాలంటే గన్నవరమో శంషాబాదో పోవలసిందే.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి సడలుతూ సిరల్లోని రక్తాన్ని గుండెవైపు తోస్తాయి. కదలక కూర్చుంటే రక్తం నిలిచి, కొందరిలో గడ్డ కడుతుంది. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఇది ఒక్క విమానం తెచ్చే జబ్బు కాదు. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్నప్పుడు, ఆశ్రయాల్లో రాత్రంతా పడక్కుర్చీల్లో గడిపినవారిలో ఇలాంటి మరణాలను వైద్యులు గమనించారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణం, కారైనా రైలైనా, ఈ ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. అయినా ఆరోగ్యవంతుల్లో అది ఆరువేలమందిలో ఒకరికే. లోగడ రక్తం గడ్డకట్టినవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, కాన్సర్ ఉన్నవారు, స్థూలకాయులు మాత్రం టిక్కెట్టు కొనకముందే డాక్టరును కలవాలి.

కొల్లేటి గట్టుమీద రోజూ నడిచే అలవాటు ఉన్నవారు కూడా విమానంలో బొమ్మలా కూర్చుంటే లాభంలేదు. నడవ పక్క సీటు అడిగి తీసుకోండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తుతూ దించుతూ ఉండండి. కారు ప్రయాణంలో కూడా మధ్యలో దిగి నడవండి. భాష రాదన్న భయంతో వీల్‌చెయిర్ అడిగేవారు చాలామంది. దారి చూపడానికి తోడొచ్చే మనిషి దొరకడం మంచిదే, కాని నడవగలిగినవారు ఎదురుచూసే వేళలో లేచి తిరగాలి.

మన ఆడవాళ్లు మాటిమాటికీ లేవాలని మొహమాటపడి మంచినీళ్లు తాగరు. కొందరు రక్తపోటుకిచ్చిన నీటిమాత్ర కూడా ఎగ్గొడతారు. రెండూ వద్దు. నిద్రమాత్రలు వేసుకుని కదలకుండా పడుకోవద్దు. ఆస్పిరిన్ సొంతంగా మింగవద్దు. బిగుతు మేజోళ్లు మంచివే, అయితే కాళ్లకు రక్తప్రసారం తక్కువగా ఉన్న మధుమేహ రోగులు అడగకుండా తొడగరాదు.

ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంచండి. సామానుతో అడుగున వేస్తే గడ్డకట్టి చెడిపోవచ్చు. డల్లాస్ గడియారం మనకన్నా వేసవిలో 10.30 గంటలు, చలికాలంలో 11.30 గంటలు వెనక. వెళ్లేటప్పుడు ఆ మేరకు మీ రోజు పొడుగవుతుంది, వచ్చేటప్పుడు కురచవుతుంది. ఏ పూట ఎంత మోతాదో ముందే డాక్టరుచేత కాగితంమీద రాయించుకోండి.

చేరాక రెండు పాదాలూ కాస్త వాచడం మామూలే, నడిస్తే తగ్గుతుంది. ఒక కాలి పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా, అది ప్రయాణమైన రెండుమూడు వారాలకైనా సరే, పిల్లలకు శ్రమ ఎందుకని దాచకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని గంటలు కూర్చుని వచ్చారో ఇంటి దగ్గరనుంచి లెక్కకట్టి చెప్పండి.