పత్తికొండలో ఆగిన ప్రయాణం

తొలకరి జల్లు పడితే చాలు, మా పత్తికొండ ప్రాంతపు చేలలోకి వజ్రాలు వెదికేవారు దిగుతారు. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాలకు పొరుగు జిల్లాల నుంచే కాదు, పొరుగు రాష్ట్రాల నుంచీ కుటుంబాలతో సహా వస్తారు. చెట్టు కిందే వంట, చెట్టు కిందే పడక. రాయి దొరికినవారిని గూర్చి పత్రికలు రాస్తాయి. జబ్బుపడి ఇంటికి చేరినవారిని గూర్చి ఎవరు రాస్తారు?

మా సంఘంలోనూ ఈ వేటకు వెళ్లేవారున్నారు. బయలుదేరే ముందు ప్రార్థన చేయించుకోవడానికి వస్తారు. మేము ప్రార్థించి పంపుతాము. కానీ 'తాగేందుకు నీళ్లు ఎక్కడివి?' అని అడగాలని మాకు చాలాకాలం తోచలేదు. ఒక ఏడాది అలా పంపిన కుటుంబంలోని పిల్లవాడు మూడవ రోజునే వాంతులు, విరేచనాలతో కళ్లు లోతుకు పోయి ఆసుపత్రికి చేరాడు. సెలైన్ ఎక్కించాక తేరుకున్నాడు. చేను పక్కనున్న కుంటలో నీళ్లు తాగామని తల్లి చెప్పింది. మేము ప్రార్థన చేశామే గాని, మంద కాపరి అడగవలసిన మాట అడగలేదు. ఆ తరువాతనే, ఈ ఊరిలో జరిగిన ఒక పాత సంగతి మాకు కొత్తగా అర్థమైంది.

1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరాతో ప్రాణం విడిచింది ఈ పత్తికొండలోనే. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్త మండలాలకు ఆయన మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. ఏడేళ్లపాటు గుడారాలలో ఉంటూ, ఊరూరా తిరిగి భూములకు శిస్తు నిర్ణయించినవాడు. ఈ సీమ ప్రజలు ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు. 1820లో గవర్నరయ్యాడు. 1826లో ఆయన భార్య, జబ్బుపడిన చిన్న కొడుకును తీసుకొని ఇంగ్లండుకు వెళ్లిపోయింది. ఆయన కూడా పదవి వదులుకొని, తన స్థానంలో వచ్చేవాని కొరకు ఎదురుచూస్తున్నాడు. ఓడ ఎక్కేలోగా తనకిష్టమైన ఈ సీమను కడసారి చూడాలని మే నెలాఖరున మద్రాసు నుంచి బయలుదేరాడు.

దారిలో కలరా ఉంది. గుత్తి ప్రాంతానికి వచ్చేసరికి ఆయన పరివారంలోనే కొందరు దానికి బలయ్యారు. అయినా ప్రయాణం సాగింది. జూలై 6 ఉదయం పత్తికొండలో ఆయనకు జబ్బు సోకింది. దగ్గరున్నవారికి అంటుతుందేమోనని, తనను విడిచి బయటికి వెళ్లమని ఆయన చెప్పినట్లు ఆయన జీవిత చరిత్ర రాసిన గ్లీగ్ తెలిపాడు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో కన్నుమూశాడు. వయసు 66. మరునాడు గుత్తిలో సమాధి చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం ఒక తోపు వేయించి, రాతిమెట్ల బావి కట్టించింది.

ఆయన అజాగ్రత్తగా వెళ్లాడనడం సులభం. అయితే ఆనాడు ఎవరికి తెలుసు? 1817లో బెంగాల్‌లో చెలరేగిన కలరా చెడు గాలి వలన వస్తుందనే చాలామంది నమ్మారు. నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్ వైద్యుడు జాన్ స్నో 1854లో ఒక చేతిపంపు ఆధారంగా చూపించాడు. ఆ క్రిమిని రాబర్ట్ కోక్ గుర్తించింది 1883, 1884 సంవత్సరాలలో. మన్రో కాలపు వైద్యులు ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతున్న రోగికి మరల రక్తం తీసేవారు! 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని తాగించారు. అక్కడ నూటికి ముప్పై వరకున్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. గవర్నరుకు దొరకని మందు ఈనాడు మందుల షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌గా కూలివాని చేతికి కూడా అందుతోంది. తెలియక పోయినవాడు ఆయన. తెలిసీ కుంట నీళ్లు తాగేవారిని ఏమనాలి?

కొందరు విశ్వాసులు, 'దేవుడు కాపాడతాడు గదా' అంటారు. కాపాడతాడు. అయితే దేవాలయ శిఖరం మీద నుండి దూకమన్నప్పుడు ప్రభువు దూకలేదు (మత్తయి 4:5-7). మెలితే ద్వీపంలో పౌలు చేతికి పాము చుట్టుకున్నా హాని కలగలేదు, నిజమే. కానీ ఆయన పామును వెదుక్కుంటూ వెళ్లలేదు; చలికి వణికేవారి కొరకు పుల్లలు ఏరుతున్నాడు (అపొ. కార్య. 28:2-5). పాళెములో దిగిన ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆజ్ఞ గమనించండి. పాళెము వెలుపలికి వెళ్లి, గుంట త్రవ్వి మలమును కప్పివేయాలి (ద్వితీ. 23:12-13). ప్రయాణికుని పరిశుభ్రత దేవునికి చిన్న విషయం కాదు.

కనుక వెళ్లేవారు ఈ సంగతులు మరువకండి. కాచిన నీళ్లు లేక నమ్మకమైన నీళ్లు వెంట తీసుకెళ్లండి. అన్నం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగించండి. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సరిగా కొలిచి కలపండి. చెంచా అంటే టీ చెంచా. కలుపుతూనే ఆసుపత్రి దారి పట్టండి. రాత్రి నేల మీద పడుకోవద్దు. కట్లపాము నిద్రపోయేవారినే ఎక్కువగా కరుస్తుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. కాటు వేసిన చోట కోయవద్దు, బిగించి కట్టవద్దు, మంత్రాల కోసం తిరగవద్దు. ఆ అవయవం కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. దానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడకండి, పక్కా కట్టడంలోకి వెళ్లండి.

మన్రో జ్ఞాపకంగా ఈ ఊరికి దక్కినవి నీడ, నీళ్లు. బాటసారికి కావలసినవి ఆ రెండే కదా! ఈనాడు ప్రార్థన కొరకు వచ్చేవారిని మేము ముందు నీళ్ల సంగతి అడుగుతాము. పిల్లలను వెంట తీసుకువెళ్లక తప్పదా అని కూడా అడుగుతాము. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో పెట్టి, ఆ తరువాత తలల మీద చేతులుంచి ప్రార్థిస్తాము. రాయి దొరికినా దొరకకపోయినా, వెళ్లినవారందరూ మరుసటి ఆదివారం మందిరంలో మా ఎదుట కూర్చోవాలన్నదే మా ఆశ.