పాత బండికి బరువు తగ్గితే పరుగే..!
ఇంజిన్ విప్పకుండానే పెరిగే ‘పికప్’
కోతకు ముందు చట్టం చూడాలి

కోకాపేట: కొత్త బైకు కొనే స్తోమత ఉన్నా, తండ్రి నడిపిన బుల్లెట్‌నో, అటకెక్కిన యెజ్డీనో, ఆర్‌ఎక్స్ 100నో బాగుచేయించుకుని తిరిగే వారు ఐటీ కారిడార్‌లో తక్కువేమీ కాదు. 2023 ఆగస్టులో ఎకరం రూ. 100 కోట్లు దాటి పలికిన నేలపై ముప్పై ఏళ్లనాటి బండి టకటకమంటూ వెళ్తుంటే తలతిప్పి చూడనివారుండరు. ఔటర్ ప్రధాన రహదారిపైకి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు గనుక, వీరి షికార్లన్నీ గండిపేట రోడ్డు, సర్వీసు రోడ్లు, సెలవు రోజుల్లో అనంతగిరి ఘాట్ వైపే. అక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. ఎత్తు రాగానే బండి ఆయాసపడుతుంది. ఇంజిన్ బోరు పెంచడం, కార్బురేటర్ మార్చడం ఖర్చుతో కూడిన పని. అంతకంటే చౌకైన మార్గం తూకం తగ్గించడం.

లెక్క ఇలా...
2021లో వచ్చిన క్లాసిక్ 350నే తీసుకుందాం. బండి బరువు 195 కిలోలు, ఇంజిన్ శక్తి దాదాపు 20 హార్స్ పవర్. 65 కిలోల మనిషి ఎక్కితే మొత్తం 260 కిలోలు. ఇందులో 13 కిలోలు తగ్గిస్తే బరువు 5 శాతం తగ్గినట్లు. ఇంజిన్‌కు మరో హార్స్ పవర్ తోడైనంత ఫలితం పికప్‌లో కనిపిస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడూ అంతే. అయితే సమతలంపై గరిష్ఠ వేగం మాత్రం పెద్దగా మారదు. అక్కడ బండిని అడ్డుకునేది బరువు కాదు, గాలి. ఈ తేడా తెలియక వేలు తగలేసి నిరాశపడేవారే ఎక్కువ.

ఆర్‌ఎక్స్ 100 కథ ఇందుకు చక్కని తార్కాణం. 1985 నుంచి 1996 వరకు తయారైన ఈ బండి ఇంజిన్ 98 సీసీ, శక్తి 11 హార్స్ పవర్ మాత్రమే. అయినా నేటికీ దాని పికప్ గురించి చెప్పుకుంటున్నారంటే బరువు సుమారు వంద కిలోలే కావడం ముఖ్య కారణం. బ్రిటన్‌లో 1950, 60 దశకాల్లో కుర్రకారు అనవసర భాగాలన్నీ ఊడదీసి ‘కెఫె రేసర్’లు తయారుచేసుకున్నదీ ఈ సూత్రంతోనే.

ఎక్కడ తగ్గించాలి?
అన్ని కిలోలూ ఒకటి కావు. చక్రం అంచున ఉన్న కిలో బరువు ముందుకు కదలడంతోపాటు గిర్రున తిరగాలి కూడా. అందుకే పికప్ విషయంలో అది దాదాపు రెండు కిలోలతో సమానం. ఇనుప రిమ్ముల స్థానంలో అదే కొలతల అల్యూమినియం రిమ్ములు వేయిస్తే ఫలితం ఎక్కువ. గతుకుల్లో చక్రం నేలను వదలకుండా పట్టు కూడా మెరుగవుతుంది. అదనంగా బిగించిన క్రాష్ గార్డు, సామాను క్యారియర్ వంటివి తీసివేస్తే కొన్ని కిలోలు దిగుతాయి. కాని గార్డు కాళ్లకు రక్షణ కూడా. లిథియం బ్యాటరీ పాతదానిలో సగం కూడా తూగదు. పాత రెగ్యులేటర్‌తో పొసగకపోతే మాత్రం త్వరగా పాడవుతుంది. ఇక పైసా ఖర్చులేని మార్గం పెట్రోలు. లీటరు ముప్పావు కిలో తూగుతుంది. 13 లీటర్ల ట్యాంకును సగమే నింపితే దాదాపు ఐదు కిలోలు మిగులు. చాలామంది నవ్వుతారుగాని, నడిపేవారి పొట్ట తగ్గినా లెక్క అంతే!

ప్రాణాల మీదికి తేవద్దు
ఫ్రేము కోయడం, ఇరుసు పట్టే భాగాలకు రంధ్రాలు వేయడం, ఉక్కు బోల్టుల స్థానంలో అల్యూమినియంవి బిగించడం ప్రమాదకరం. అల్యూమినియం ఉక్కులో మూడోవంతు బరువే, కాని గట్టిదనంలోనూ సుమారు మూడోవంతే. రంధ్రం అంచున మొదలైన సన్నని బీట అనంతగిరి మలుపులో విరిగితే చేయగలిగిందేమీ ఉండదు. వెనుక చక్రం కవరు తీసేయడమూ తప్పే. వెనుక కూర్చున్నవారి చీర, చున్నీ చక్రంలో చిక్కకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే ఏర్పాటు, చేతిపట్టు, కాలిపట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 123వ నిబంధన చెబుతోంది.

తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ. 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. ప్రమాదం జరిగితే మార్పులను చూపి బీమా సంస్థ చెల్లింపునకు మొండికేసే అవకాశమూ ఉంది. బరువు పేరిట సైలెన్సర్‌ను మార్చి చప్పుడు పెంచడం ఇందులో అందరికీ ముందుగా వినిపించే తప్పు.

యాభై ఏళ్లు దాటిన బండి అయితే మరింత ఆలోచించాలి. 2021 జులై నిబంధనల ప్రకారం ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ దక్కాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండరాదు. తాతలనాటి ఇనుప మడ్‌గార్డును కోసి పారేస్తే ఆ హోదా చేజారవచ్చు. కోఠి పుత్లీబౌలిలో గాలించినా అసలు భాగం దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే విప్పిన ప్రతి భాగానికీ నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచుకోవడం మేలు.

పని మొదలుపెట్టేముందు పాత ఇనుప సామాన్ల దుకాణంలోని కాటాపై ముందు చక్రం, వెనుక చక్రం విడివిడిగా తూచి కలుపుకుంటే అసలు బరువు తెలుస్తుంది. అంతకంటే ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. డ్రమ్ బ్రేకు పట్టేసి ఉన్నా, చైను ఎండిపోయినా, టైర్లలో గాలి తగ్గినా బండి బరువుగానే లాగుతుంది. దానికి మెకానిక్ అరగంట పని చాలు.